గోడ మీద లేని పాటగాడు

నల్లగొండల గాజుల పీర్ మహమ్మద్ ఇంటికి ఎవరు పోయినా ముందుగాల గోడలనే చూస్తరు. చూడక ఏం జేస్తరు పాపం, సున్నం కనబడె జాగా ఒక్కటుంటె గదా! నేల కాడికెళ్లి దూలం దాక అన్నీ ఫోటోలే. పోనీ చుట్టాలయా అంటె కాదు. నాటకాలల్ల పద్యాలు, పాటలు పాడేటోళ్లయి. కిరీటం పెట్టుకోని మీసం దువ్వే రాజు ఒక దిక్కు, జుట్టు ఇరబోసుకోని ఏడ్సే రాణి ఒక దిక్కు, తంబుర పట్టిన జోగి ఒక దిక్కు. అన్నీ పాతకాలం ఫోటోలు. పట్నం స్టూడియోలల్ల రంగుల తెర ముందట కుర్సీల కూసోబెట్టి తీసి, మందపు అట్టలకు అంటిచ్చి, అంచులకు బంగారు గీతలు గీసినయి.

“చుట్టం వస్తె ఒరుగుదామంటె గోడ లేదు, గీ రాజులకు రాణులకు మాత్రం మహలు కట్టిచ్చిండు మా ఆయన,” అని ఆయన పెండ్లాం సకీనా వచ్చినోళ్లందరికి జెప్పి నవ్వేది. నవ్వుకుంటనే కొంగుతోటి ఒక్కొక్క అద్దం తుడిచేది. పురుగు పట్టకుంట ఫోటోల ఎనక యాపాకు పెట్టేది గూడ ఆమెనే. మాట అట్లుంటది గని మనసు మంచిది.

గాజులమ్ముకునేటోనికి నాటకాలోళ్లతోటి ఏం పని అంటరేమో. పని ఉన్నది, ఎందుకుండదు? ఆ కాలంల ఆడేషాలు మొగోళ్లే కట్టేటోళ్లు. రాణి అన్నంక చేతులకు గాజులుండాలె గదా! మొగోని చెయ్యికి గాజు ఎక్కిచ్చుడంటె మాటలు కాదు. ఎముక మొద్దుగుంటది, అరచెయ్యి మెత్తగ వంగదు. అందుకే ఊర్ల నాటకం డేరా పడ్డదంటె కంపెనోళ్లు పీర్ మహమ్మద్‌ను పిలిచేటోళ్లు. ఆయన తెర ఎనక కూసోని, కొబ్బరినూనె రాసి, మాటలల్ల పెట్టి, నొప్పి తెలువకుంట ఎక్కిచ్చేటోడు. ఏమియ్యాలె సాయెబూ అంటె, “పైసలు వద్దు, నీ ఫోటో ఉంటె ఒకటి ఇయ్యి,” అనేటోడు. అట్ల మొదలైన పిచ్చి అది. టాకీలు వచ్చి డేరాలు ఎత్తిపోయినంక ఆ పిచ్చి ఇంకింత ముదిరింది. పాత పాటగాళ్ల ఇండ్లు దేవులాడుకుంట పోయి, అటకల మీద దుమ్ము పట్టిన ఫోటో ఉన్నదంటె, ఆ ఇంటి ఆడోళ్లకు చేతుల నిండ గాజులు తొడిగి, ఫోటో చంకల పెట్టుకోని వచ్చేటోడు.

ఇంతమంది ఉన్నరు గని, ఉండాల్సినోడు ఒక్కడు ఆ గోడ మీద లేడు. ఆయన పేరు బీరన్న.

బీరన్న కురుమాయన. గొర్లెంట తిరుగుకుంట పాడుకునే గొంతును ఎవరో కంపెనాయన ఇని తోలుకపోయి రాణి ఏషం కట్టిచ్చిండు. అప్పటికి పీర్ మహమ్మద్‌కు మీసాలు గూడ సరిగ రాలేదు. కొత్తగ మలారం భుజాన ఏసుకున్నడు. మలారమంటె తాళ్లకు గుచ్చిన గాజుల మూట. బజార్ల పాత గాజులోళ్లు ఉండంగ ఈ పోరగాని తాన ఎవరు కొంటరు? పొద్దంత అరిచి అరిచి నిండు మలారంతోటే ఇంటికొచ్చేటోడు. సకీనా కొత్త పెండ్లికూతురు. అటుకులు తిని నీళ్లు తాగి పండుకున్న రోజులున్నయి.

అప్పుడు డేరా పడ్డది. బీరన్న చెయ్యి గొడ్డలి పట్టిన చెయ్యి. ఏ గాజు పట్టదు. పీర్ మహమ్మద్ ఇంటికొచ్చి, లక్కను పొయ్యి మీద కరిగిచ్చి, బీరన్న చెయ్యికి సరిపోను వెడల్పు గాజులు రెండు తన చేతులతోటే చేసిండు. చిన్న చిన్న అద్దం ముక్కలు వాలుగ, ఒకదాని మూల ఒకదానికి తాకెటట్టు పొదిగిండు. అట్ల పొదిగేటోళ్లు అప్పుడు లేరు, ఇప్పుడు లేరు. సరె, ఆట మొదలైంది. రాజ్యం పోయి అడవిల పడ్డ రాణి రెండు చేతులు మీదికెత్తి పాటందుకున్నది. ఏం గొంతు అది! డేరాల కూసున్న ఆడోళ్లందరు కొంగులు నోట్ల కుక్కుకోని ఏడ్సిండ్రు. ఏడ్సుకుంటనే గాజులు చూసిండ్రు, ఆడోళ్లు గదా! తెల్లారి పీర్ మహమ్మద్ ఇంటి ముందట నిలవడనీకె జాగా లేదు. అందరికి రాణి గాజులే గావాలె. ఆ దినం సకీనా వండిన బువ్వ రుచి ఆయన మర్చిపోలే. అటెన్క యాపారం ఎన్కకు తిరిగి చూసింది లేదు.

మళ్ల డేరా వచ్చినప్పుడు పోయి బీరన్న చేతులు పట్టుకోని, నీ పాటతోటి నా పొయ్యి ఎలిగిందన్నా అని జెప్పుకోవాలె అనుకున్నడు. డేరా రాలేదు. దేవరకొండ దిక్కు గత్తర తగిలి, కక్కుడు బేదులతోటి బీరన్న అక్కడ్నే పాణం ఇడిచిండని కబురొచ్చింది. పీర్ మహమ్మద్ దుక్కం ఎవలకు జెప్పుకుంటడు? ఫోటో అన్న దొరుకుతె పొద్దుగాల లేసి సలాం జేసుకుంటనని పట్నం దాక పోయిండు. స్టూడియో ఆయన, “పాత ఫోటోల గాజు పలకలా? కడిగి కిటికీలకు అద్దాలు ఏసుకున్నం గదా సాయెబూ,” అన్నడు. ఆ కిటికీ దిక్కు చూసి కండ్ల నీళ్లు పెట్టుకోని వచ్చిండు మనిషి.

ఇదంత అయి ఇరవై ఏండ్లకు దగ్గర పడ్డది.

జర్మన్ లడాయి నడుస్తున్నది. పైనుంచి గాజుల పెట్టెలు వచ్చుడు బందైంది. హాలియా దిక్కు తిరిగే గాజులాయన యాపారం ఇడిచిపెట్టి ఎవుసం జేసుకుంటున్నడు. అందుకని ఆ దిక్కు కురుమోళ్ల పల్లె నుంచి పీర్ మహమ్మద్‌కు పిలుపొచ్చింది. నాగులమ్మ అనే ముసలామె మనుమరాలికి ఏడో నెల పడ్డది, ఒడి నింపి గాజులు తొడిగిస్తరట. దాసిపెట్టిన మంచి గాజులన్నీ మలారంల గుచ్చుకోని పోయిండు.

అరుగు అలికి ముగ్గేసి పెట్టిండ్రు. చాప మీద మనుమరాలు సైదమ్మ కూసున్నది. సైదులు దర్గాల మొక్కుకుంటె పుట్టింది, అందుకే ఆ పేరు. పక్కన తల్లి గుర్వమ్మ, ముండమోసిన మనిషి, చేతులు బోసిగ ఉన్నయి. నాగులమ్మకు కండ్లు సరిగ ఆనవు గని నోరు మాత్రం ఊరంత ఇనబడ్తది.

“ఆగు సాయెబూ! అట్లనే తొడుగుతవా? మా ఇంట్ల మొదటి జత లచ్చమ్మ తల్లికి. గుర్వా, పటం తే.”

గుర్వమ్మ లోపటికి పోయి పటం తెచ్చి గోడకు ఒరిగిచ్చి పెట్టింది. చట్రానికి ఒక పక్క చెదలు పట్టింది. అద్దం మీద మొఖం కాడ ఏండ్లకేండ్ల పసుపు, కుంకుమ మందంగ పేరుకపోయి కండ్లు, ముక్కు ఏమీ కనబడ్తలేవు. కింద చీర కుచ్చిళ్లు, ఒడిల పెట్టుకున్న రెండు చేతులు మాత్రం తేటగ ఉన్నయి. పీర్ మహమ్మద్ మొక్కుబడికి ఒక జత తీసి పటం ముందట పెట్టబోయిండు. చెయ్యి అట్లనే ఆగిపోయింది.

ఆ పటంల తల్లి చేతులకు వెడల్పు లక్క గాజులున్నయి. అద్దం ముక్కలు వాలుగ, మూలకు మూల తాకుకుంట ఉన్నయి.

తన చేతి పనిని మనిషి మర్చిపోతడా?  మెల్లగ సర్దుకోని అడిగిండు. “అవ్వా, గీ పటం ఎక్కడిది? బజార్ల దొరికేటిదాని లెక్క లేదు.”

“బజార్ది కాదు కొడకా. నా కొడుకుది. బీరన్న అని, నాటకాలల్ల రాజు ఏషం కట్టేటోడు. రాజంటె ఏమనుకున్నవు, పెద్ద రాజు! గత్తర తగిలి పోయినంక కంపెనోళ్లు వాని బట్టల మూట పంపిండ్రు. దాంట్ల గీ తల్లి పటం ఉన్నది. నా కొడుకు మొక్కుకున్న తల్లి గదా అని మేం గూడ మొక్కుతున్నం. ప్రతి సుక్కురారం దీపం పెడుతం.”

“అప్పుడు సరిగ చూసిన్రా అవ్వా?”

“ఏడ చూసినం! కండ్లనిండ నీళ్లే ఉండె. తల్లి మొఖం అనుకోని పసుపు పెట్టినం.”

పీర్ మహమ్మద్‌కు సంగతంత అర్థమైంది. బీరన్న ఆడేషం కడుతడని ఇంట్ల జెప్పుకోలే. తల్లి ఏమనుకుంటదో, ఊరోళ్లు ఏం నవ్వుతరో అని రాజు ఏషమని జెప్పిండు. ఇంట్లోళ్లు మూటల రాజును దేవులాడిండ్రు. రాజు లేడు, కిరీటం పెట్టుకున్న ఆడమనిషి ఉన్నది. దేవత కాకపోతె ఇంకెవరనుకుంటరు?

ఇంతల నాగులమ్మనే అన్నది. “పటానికి చెదలు పట్టింది సాయెబూ. ఇంట్ల పసిగుడ్డు పుట్టంగ గిసొంటి పటం ఉండొద్దంటరు. నువ్వెట్లన్న వాగు దాటే పోతవు గదా, జర పారే నీళ్లల్ల ఇడిచిపెట్టు. మళ్లొచ్చెటప్పుడు పట్నం నుంచి మంచి లచ్చమ్మ పటం తే.”

అబ్బా! ఇరవై ఏండ్లు దేవులాడిన వస్తువు దానంతటదే వచ్చి ఒడిల పడ్డది. అడుగకుండనే ఇచ్చిండ్రు. పీర్ మహమ్మద్ పటం అందుకున్నడు. “సరె అవ్వా, నేను జూసుకుంట,” అన్నడు. అని, పటాన్ని తన దస్తీల సుట్టి, మలారం ఎనక జాగర్తగ పెట్టుకున్నడు. తప్పేమున్నది, నీళ్లల్ల పోయేదే గదా, నా ఇంట్ల పువ్వు లెక్క ఉంటది అని తనకు తానే జెప్పుకున్నడు. కొత్త లచ్చమ్మ పటం అద్దం కట్టిచ్చి తెస్త, వీళ్లు సంతోషపడ్తరు అని గూడ అనుకున్నడు. మనిషికి ఆశ పుట్టినంక మాటలకు కొదువా!

సైదమ్మ చెయ్యి ముందటికి చాపింది. పీర్ మహమ్మద్ నూనె రాసి, బొటనవేలి కింది ఎముకను ఒత్తి చూసిండు. ఆ ఎముక, ఆ మొద్దు కణుపు ఆయన చేతులకు తెలుసు. కుడి చెయ్యికి గాజులు ఒక్కొక్కటే ఎక్కుతున్నయి.

“సాయెబు మామా,” అన్నది సైదమ్మ మెల్లగ. “నువ్వు పట్నాలు తిరిగెటోనివి. నాటకాలోళ్లను చూసే ఉంటవు. మా బాపు ఫోటో ఏడన్న ఉంటదా?”

“ఎందుకు బిడ్డా?”

“ఎందుకేంది మామా! నేను కడుపుల ఉండంగనే పోయిండు. మొఖం ఎట్లుంటదో తెల్వది. అమ్మనడిగితె ఏడుస్తది, అవ్వనడిగితె రాజు లెక్క ఉండె అంటది. రేపు నాకు పిలగాడు పుడితె, తాత పోలిక అంటరు. ఏ పోలికనో నాకేం తెలుస్తది?” దస్తీల ఉన్న పటం దిక్కు చూసుకుంట మళ్లన్నది. “ప్రతి సుక్కురారం ఆ పటం ముందట కూసోని ఇదే మొక్కుకున్న. తల్లీ, ఒక్కసారి మా బాపు మొఖం సూపియ్యి అని. ఇప్పుడు ఆ తల్లి గూడ వాగుల పోతుంది.”

టప్పున గాజు చిట్లింది. పీర్ మహమ్మద్ చేతుల గాజు చిట్లుడా! సైదమ్మ చెయ్యికి ఏం కాలే, ఆయన వేలికే గీరుకపోయి నెత్తురొచ్చింది. “అయ్యో, గాజు పెరిగింది, పెరిగింది,” అని గుర్వమ్మ కంగారు పడ్డది. మంచి కార్యంల గాజు చిట్లిందనరు, పెరిగిందంటరు.

పీర్ మహమ్మద్ వేలు నోట్ల పెట్టుకోని తల వంచుకున్నడు. ఎంత సిగ్గయిందో ఆయనకే తెలుసు. ఈ పిల్ల అన్నేండ్లు తండ్రి ముందటనే కూసోని తండ్రిని చూపియ్యమని మొక్కింది. నేను ఆ తండ్రిని దస్తీల మూటగట్టుకోని పోతున్న. యా అల్లా, నాకు అన్నం పెట్టిన మనిషి బిడ్డ గదా ఈమె! నాకు ఎన్ని మొఖాలున్నయి గోడ మీద? ఈమెకు ఒక్కటి గూడ లేదు.

మలారం పక్కకు జరిపి, దస్తీ ఇప్పిండు. చెంబుల నీళ్లు దస్తీకి తడి జేసుకోని, అద్దం మీది పసుపును మెల్లగ తుడుచుడు మొదలుపెట్టిండు.

“ఏయ్ సాయెబూ! తల్లి పసుపు తుడుస్తవా? ఏం పొయ్యేకాలం!” అని నాగులమ్మ గయ్యిమన్నది.

“తిట్టు అవ్వా, ఎన్నన్న తిట్టు. గని జర ఆగు.”

పసుపు పెళ్లలు పెళ్లలుగ ఊడింది. ముందుగాల కిరీటం కనబడ్డది, అటెన్క నుదురు, కాటుక పెట్టిన పెద్ద పెద్ద కండ్లు, నవ్వాపుకుంటున్నట్టున్న పెదవులు. పీర్ మహమ్మద్ పటాన్ని సైదమ్మ ఒడిల పెట్టిండు.

“గీయనే మీ బాపు, బిడ్డా.”

 నాగులమ్మ దిగ్గున లేసింది. “నోర్ముయ్యి! నా కొడుకు చీర కట్టుడేంది? నా కొడుకు రాజు!”

“రాజే అవ్వా. రాణి ఏషం కట్టే రాజు. ఆ చేతుల గాజులు నేను జేసినయి. నేనే తొడిగిన. ఆయన పాడుతె నల్లగొండ నల్లగొండంత ఏడ్సింది. నిన్ను నొప్పియ్యొద్దని రాజని జెప్పిండు, అంతె. ఎవలు నవ్వలే అవ్వా, ఒక్కడు గూడ నవ్వలే. అందరు దండం పెట్టిండ్రు.”

నాగులమ్మ పటాన్ని గుంజుకోని ముక్కుకు తాకేంత దగ్గర పెట్టుకున్నది. బొటనవేలు అద్దం మీద పెట్టి నుదురు, ముక్కు, గదుమ తడిమింది. ఎడమ కనుబొమ్మ కాడ వేలు ఆగింది. అక్కడ సగంల ఎంటికలు లేవు. ఎంత రంగు పూసినా గీత కనబడ్తనే ఉన్నది.

“పొట్టేలు పొడిచింది,” అన్నది ముసలామె.  “దొడ్లె పొట్టేలు పొడిచి నెత్తురు గారితె నేనే పసుపు అద్దిన. అయ్యో నా కొడకా! ఇన్నేండ్లు నీకే పసుపు పెట్టిన గదరా!”

గుర్వమ్మ కొంగు అడ్డం పెట్టుకోని ముందటికి వంగి చూసింది. చూసి, ఏడుసుకుంట నవ్వింది. “నాకు గాజులు తెస్తనని జెప్పి పోయిండు. చూడు, ఆయనే తొడుక్కోని కూసున్నడు!”

సైదమ్మ చెయ్యి చాపింది. పటాన్ని అవ్వ చేతులల్లకెళ్లి తీసుకోని, కడుపుకు ఆనిచ్చి పట్టుకోని, మొఖం దిక్కే చూసింది. తన పెదవులే, తన కండ్లే. కండ్ల నీళ్లు అద్దం మీద పడ్డయి. “సూపిచ్చినవు బాపూ,” అన్నది చివరకు. “అడుగుతె నువ్వే సూపిచ్చినవు.”

ఇగ ఆ పటం వాగుల పోదు, నల్లగొండకు పోదు. పీర్ మహమ్మద్‌కు ఆ సంగతి తెల్వక కాదు. దస్తీ మడతబెట్టి జేబుల పెట్టుకున్నడు. లోపట ఒక మూలకు సన్నగ నొప్పి ఉన్నది, లేదని ఎట్లంటం! గని దాని మీద ఇంకో సంతోషం వచ్చి కూసున్నది.

“సాయెబూ,” అన్నది నాగులమ్మ. గయ్యిమనే గొంతు కాదు ఇప్పుడు. “నేను నా కొడుకు నాటకం ఒక్కనాడు చూడలే. రానియ్యలే వాడు. ఎందుకు రానియ్యలేదో ఇయ్యాల తెలిసింది. నువ్వు ఇన్నవు గదా. ఎట్ల పాడెటోడు? జర పాడి ఇనిపియ్యి కొడకా.”

“అవ్వా, నాది గాజులమ్మే గొంతు. వీధుల అరిచి అరిచి బొంగురు పోయింది.”

“పోతె పోనీ. నీ గొంతు ఎవరిక్కావాలె? నా కొడుకు పాట గావాలె.”

పీర్ మహమ్మద్ గొంతు సవరిచ్చుకున్నడు. అడవిల పడ్డ రాణి పాట, ఒక్క ముక్క పోకుంట యాదికున్నది. కండ్లు మూసుకోని అందుకున్నడు.

“ఏలిన ఊరు ఎనకబడిపాయె,
ఎన్నెల దారి ముండ్లబడిపాయె...”

గొంతు ఆడాడ చిరుగుతున్నది. రెండో వరుస చివర రాగం గుంజాలె, ఆయనకు దమ్ము సాలలేదు, ఆగిపోయిండు. ఆయన ఆగినా రాగం ఆగలేదు. నాగులమ్మ అందుకున్నది. కండ్లు గోడ దిక్కు పెట్టి, కుడి చెయ్యి తనకు తెల్వకుండనే గుండ్రంగ తిప్పుకుంట, రాగాన్ని గుంజి, వంచి, కిందికి దించింది. అటెన్క తన మాటలు పాడింది.

“ఇసురవే రాయి, జొన్నలే పిండి,
ఇంటికి రాడాయె గొర్లెంట కొడుకు...”

పీర్ మహమ్మద్ కండ్లు తెరిచిండు. అదే మలుపు, అదే దుక్కం, కిందికి దిగెటప్పుడు అదే చిన్న వణుకు. డేరాల ఇన్నది ఆ గొంతునే.

“ఇది నేను ఇసురుకుంట పాడె పాట,” అన్నది నాగులమ్మ. “నా కొంగు పట్టుకోని పక్కన కూసోని ఇనేటోడు వాడు. దొంగ నా కొడుకు, మాటలు మార్చి నా పాటనే ఎత్తుకపోయిండు!”

పీర్ మహమ్మద్ ముసలామె ముందట మోకాళ్ల మీద కూసున్నడు. గాజుల్లేని ఆ రెండు చేతులు పట్టుకోని కండ్లకద్దుకున్నడు. “అవ్వా, నా ఇంట్ల పొయ్యి ఎలిగింది గీ పాటతోటి. నా పెండ్లాం పిల్లలు బువ్వ తిన్నది గీ పాటతోటి. ఎవలకు సలాం జెయ్యాల్నో తెల్వక ఇన్నేండ్లు ఒక మొఖాన్ని దేవులాడుకుంట తిరిగిన. నీ ఉప్పు తిన్న అవ్వా నేను. నాకు తెల్వనే తెల్వదు.”

“సాలు తియ్యి,” అన్నది నాగులమ్మ, ముక్కు చీదుకుంట. “పిల్ల ఎడమ చెయ్యి ఖాలీగ ఉన్నది, కనబడ్తలేదా? మంచి గడియ దాటిపోతది. తొడుగు.”

ఆయన లేసి చాప మీద కూసోని, సైదమ్మ ఎడమ చెయ్యికి నూనె రాసిండు. పటం ఆమె ఒడిలనే ఉన్నది. నాగులమ్మ పాటను మళ్ల మొదటినుంచి అందుకున్నది, ఆయన ఒక్కొక్క గాజు ఎక్కిచ్చుకుంట ఇన్నడు.